'రఫ్'కి ఆపోజిట్ ఏంటి, టీచర్ గారూ?

పోయిన నెల ఈ శీర్షిక చివర కాస్త ఖాళీ మిగిలితే, 'రఫ్' అనే ఇంగ్లిష్ మాటకి వ్యతిరేక పదం రాసి పంపమని సరదాకి అడిగాను. ఒక్క మాటే కదా, నాలుగు కార్డులొస్తాయి, చూసి పక్కన పెట్టొచ్చు అనుకున్నాను. తీరా చూస్తే కట్ట కట్టాల్సినన్ని ఉత్తరాలు. ఎక్కువమంది 'స్మూత్' అన్నారు. మనిషి మాటతీరు మనసులో పెట్టుకుని ఒకాయన 'జెంటిల్' అన్నారు. సముద్రం రఫ్‌గా ఉందంటారు కాబట్టి 'కామ్' అన్నారు ఇంకొకరు. లెక్కలు చూసుకునే ఉద్యోగి ఒకరు 'ఎగ్జాక్ట్' అని రాశారు. ఆయనకి రఫ్ అంటే ఉజ్జాయింపు లెక్క మరి. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి మాత్రం 'ఫెయిర్' అని రాసి కింద రెండు గీతలు గీసింది. రఫ్ కాపీ, ఫెయిర్ కాపీ! నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్లు ఇంగ్లిష్ పాఠం చెప్పిన నాకు అది తట్టనే లేదు.

అందరివీ సరైన జవాబులే. పక్కన ఏ మాటా లేకుండా 'రఫ్'ని ఒంటరిగా నిలబెట్టి అడగడం నాది పొరపాటు. ఆ ఉత్తరాల్లోనే బోలెడు సందేహాలు కూడా ఉన్నాయి. ఈ నెలంతా వాటికే.

ప్రశ్న: పోటీ పరీక్షలకి చదువుతున్నాను. ఒక మాదిరి పేపర్లో 'ఓల్డ్'కి వ్యతిరేక పదం అడిగితే 'యంగ్' అని పెట్టాను. 'కీ'లో 'న్యూ' అని ఉంది. మార్కు పోయింది. నాది తప్పా?

జవాబు: తప్పు కాదు. ప్రశ్న వేసినవారు మీ చేతికి సగం ప్రశ్నే ఇచ్చారు. 'ఓల్డ్ మ్యాన్'కి ఎదురు 'యంగ్ మ్యాన్'. 'ఓల్డ్ హౌస్'కి ఎదురు 'న్యూ హౌస్'. 'మై ఓల్డ్ బాస్' అన్నారనుకోండి, ఆయన వయసు ముప్పై కూడా కావచ్చు. అక్కడ ఓల్డ్ అంటే ఇదివరకటి అని, దానికి ఎదురు 'ప్రెజెంట్'. తెలుగులో ఈ తిప్పలు కొంచెం తక్కువ. మనిషికి ముసలి, వస్తువుకి పాత అని మనం ముందే విడదీసి పెట్టుకున్నాం. ముసలి ఇల్లు అనం, పాత తాతయ్య అనం. ఇంగ్లిష్ వాళ్లు రెండు పనులూ ఒక్క మాట నెత్తిన పెట్టారు. వ్యతిరేక పదం దగ్గరికొచ్చేసరికి ఆ బరువు బయటపడుతుంది.

ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. 'షార్ట్' మనిషికి ఎదురు 'టాల్', షార్ట్ జుట్టుకి 'లాంగ్'. 'లైట్' సంచికి 'హెవీ', లైట్ రంగుకి 'డార్క్'. 'హార్డ్' పరుపుకి 'సాఫ్ట్', హార్డ్ లెక్కకి 'ఈజీ'. 'హై' గోడకి 'లో', హై గొంతుకి 'డీప్' కూడా. 'ఫ్రెష్' అయితే మరీ ఘోరం. బ్రెడ్డుకి 'స్టేల్', గాలికి 'స్టఫీ', నీటికి 'సాల్ట్'. ఫ్రెష్ వాటర్ అంటే అప్పుడే పట్టిన నీళ్లని కాదు, ఉప్పుగా లేని మంచినీళ్లని అర్థం.

నేను క్లాసులో ఒకటే చెప్పేదాన్ని: మాటని ఒంటరిగా చూడకండి, పక్కన ఎవరితో వచ్చిందో చూడండి. 'రైట్'కి ఎదురేమిటని పిల్లలు అడిగితే, 'రైట్ హ్యాండా, రైట్ ఆన్సరా?' అని తిరిగి అడిగేదాన్ని. సగంమంది అక్కడే నవ్వి కూర్చునేవారు. పక్క మాట మారితే ఎదురు మాట మారుతుంది, అంతే సంగతి. జతగా రాసుకోండి. నోట్సులో 'డ్రై - వెట్' అని కాకుండా 'డ్రై క్లోత్ - వెట్ క్లోత్', 'డ్రై స్కిన్ - ఆయిలీ స్కిన్', 'డ్రై వైన్ - స్వీట్ వైన్' అని రాసుకుంటే నెల తర్వాత చూసినా అర్థమవుతుంది.

పరీక్షలో పక్క మాట ఇవ్వరు కదా అంటారు. అప్పుడు ఆప్షన్లే మీకు పక్క మాటలు. 'ఓల్డ్'కింద 'న్యూ' ఒక్కటే ఉంటే, 'యంగ్' లేకపోతే, గొడవే లేదు. రెండూ ఇచ్చి ఒకటే కరెక్టనేవారితో మీరు గెలవలేరు, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోండి. మామూలుగా ఉండే ఉచ్చు వేరు. 'ఫ్రూగల్' ఇచ్చి కింద 'థ్రిఫ్టీ', 'ఎక్స్‌ట్రావగెంట్', 'ఫ్రూట్‌ఫుల్', 'ఫ్రజైల్' అని ఇస్తారు. థ్రిఫ్టీ అంటే పొదుపరి అనే, అంటే అదే అర్థం. చదివినవాడి చెయ్యి తెలిసిన మాట మీదికే వెళ్తుందని తెలిసి పెట్టింది అది. చివరి రెండూ 'ఫ్రూగల్' చప్పుడుకి దగ్గరగా ఉన్నాయని పెట్టినవి. దుబారా మనిషి 'ఎక్స్‌ట్రావగెంట్' ఒక్కడే మిగులుతాడు. ఇంకోటి, నామవాచకానికి నామవాచకమే ఎదురు. 'అబండెన్స్'కి 'స్కేర్సిటీ' పెట్టాలి, 'స్కేర్స్' పెడితే పోయినట్టే.

ప్రశ్న: లారీల మీద ఒకదానికి 'ఇన్‌ఫ్లేమబుల్', ఇంకోదానికి 'ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. 'ఇన్' ఉంటే 'కాదు' అని కదా? మొదటి లారీ పక్కన అగ్గిపుల్ల గీసినా పర్లేదా?

జవాబు: వద్దు బాబూ, ఆ ప్రయోగం చెయ్యకండి. రెండు లారీలూ అంటుకుంటాయి. రెండు మాటలకీ ఒకటే అర్థం.

లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి రెండు 'ఇన్'లు వచ్చాయి. ఒకటి 'కాదు' అని చెప్పేది, 'ఇన్‌విజిబుల్'లో ఉన్నది. రెండోది 'లోపలికి' అని చెప్పేది, 'ఇన్‌ఫ్లేమ్'లో ఉన్నది. ఇన్‌ఫ్లేమ్ అంటే మంట అంటించడం. దాని నుంచి వచ్చిందే ఇన్‌ఫ్లేమబుల్. మీలాగే చాలామంది మొదటి 'ఇన్' అనుకుని మోసపోతారని, అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ చూసేవాళ్లు 1920ల్లోనే 'ఫ్లేమబుల్' అనే పొట్టి మాట వాడమని పట్టుబట్టారు. నిజంగా అంటుకోనిదానికి 'నాన్‌ఫ్లేమబుల్' అనాలి.

'ఇన్‌వాల్యుబుల్' దగ్గర ఇంకో రకం చిక్కు. అక్కడ 'ఇన్' నిజంగానే 'కాదు' అనేదే. కానీ మాట మొత్తానికి 'విలువ లేనిది' అని కాదు, 'విలువ కట్టలేనిది' అని అర్థం. విలువ లేనిదాన్ని 'వర్త్‌లెస్' అంటారు. దీనికి మీరు ఆశ్చర్యపోనక్కర్లేదు. మన 'అమూల్యం' చేసిన పని కూడా అదే. మూల్యం లేనిది అని విడగొడితే చెత్తబుట్టలో వెయ్యాలి, మనం మాత్రం 'మీ అమూల్యమైన ఓటు' అని దణ్ణం పెట్టి అడుగుతాం.

'ఫేమస్ - ఇన్‌ఫేమస్' కూడా జత కాదు. ఇన్‌ఫేమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరుతో అందరికీ తెలిసినవాడు. ఎవరికీ తెలియనివాడు 'అన్‌నోన్', కాస్త బరువుగా చెప్పాలంటే 'అబ్‌స్క్యూర్'.

ముందున్న ముక్కని చూసి తొందరపడటం మనుషులకి పాత అలవాటే. 'అసుర' అనే మాట వేదంలో వరుణుడి లాంటి దేవతలకి కూడా వాడారు. అందులో మొదటి 'అ'కి 'కాదు' అనే అర్థం లేదు. తర్వాతివాళ్లు దాన్ని 'అ-సుర' అని విడగొట్టుకుని, అయితే 'సుర' అంటే దేవత అన్నమాట అని కొత్త మాట పుట్టించారని భాషాచరిత్ర చూసేవాళ్లు చెప్తారు. మాట పోగొట్టుకున్నవాళ్లని చూశాం గానీ, తప్పుగా విడగొట్టి కొత్త మాట సంపాదించుకోవడం అంటే ఇదే.

ప్రశ్న: మా అమ్మాయికి నేనే ఇంగ్లిష్ చెప్తాను. 'అన్', 'ఇన్', 'ఇమ్', 'ఇల్', 'ఇర్', 'డిస్' - వీటిలో ఏది ఎక్కడ తగిలించాలో దానికీ తెలియదు, నాకూ తెలియదు. బట్టీ తప్ప దారి లేదా?

జవాబు: సగానికి దారి ఉంది. మిగతా సగం బట్టీయే, దాచడం ఎందుకు.

ముందు 'ఇన్' కుటుంబం. ఇమ్, ఇల్, ఇర్ వేరేవి కావు. 'ఇన్' ఒక్కటే, పక్క అక్షరాన్ని బట్టి వేషం మారుస్తుంది. ఎందుకో మీ అమ్మాయికి తెలుగు సున్నాతో చెప్పండి. 'సంతోషం', 'సంపద' అని రెండు మాటలు రాయించండి. రెండింటిలో ఉన్నదీ అదే సున్నా. ఇప్పుడు నెమ్మదిగా పలికించండి. 'సంతోషం'లో నాలిక పైపళ్ల వెనక తగిలి 'న్' వస్తుంది. 'సంపద'లో పెదాలు మూసుకుని 'మ్' వస్తుంది. తర్వాత వచ్చే 'ప'కి పెదాలు ఎలాగూ మూసుకోవాలి కాబట్టి నోరు ముందే సిద్ధపడుతుంది. లాటిన్ నోరూ అలాగే సిద్ధపడింది. 'పాజిబుల్' ముందు 'ఇన్' కాస్తా 'ఇమ్' అయింది. 'బ్యాలెన్స్', 'మోరల్' ముందూ అంతే. 'లీగల్' ముందు 'ల్'గా, 'రెగ్యులర్' ముందు 'ర్'గా మారింది. 'టాలరెంట్' ముందు 'న్'గానే ఉండిపోయింది. తెలుగు లిపిలో 'ఇంపాజిబుల్', 'ఇంటాలరెంట్' అని రాసి చూపించండి. రెండింటికీ ఒకటే సున్నా! ఇంగ్లిష్ వాళ్లు రెండు స్పెల్లింగులతో పడే అవస్థని మన సున్నా ఒక చుక్కతో తీర్చేసింది. ఇది చెప్పిన రోజు క్లాసులో నన్ను నేనే మెచ్చుకునేదాన్ని, ఇప్పటికీ అదే చేస్తున్నాను.

'అన్' మాత్రం మారదు. 'అన్‌పాపులర్', 'అన్‌లైక్లీ', 'అన్‌రియల్' - పక్కన ఎవరున్నా అన్ అన్ లాగే ఉంటుంది. అది లాటిన్ నుంచి రాలేదు, ఇంగ్లిష్ ఇంటిది. మన సంస్కృతం మాటల్లో ఉండే 'అ', 'అన్' దీనికి దూరపు చుట్టాలు. న్యాయం - అన్యాయం, ఉచితం - అనుచితం. హల్లు ముందు 'అ', అచ్చు ముందు 'అన్'. ఇంగ్లిష్ 'అన్', లాటిన్ 'ఇన్', గ్రీకు 'అ', సంస్కృతం 'అ' నాలుగూ ఒకే పాత మూలం నుంచి వచ్చినవి.

ఇక తలనొప్పి. 'అన్‌ఈక్వల్' అని విశేషణం, కానీ నామవాచకం 'ఇన్‌ఈక్వాలిటీ'. 'అన్‌ఏబుల్' కానీ 'ఇన్‌ఎబిలిటీ'. 'అన్‌స్టేబుల్' కానీ 'ఇన్‌స్టెబిలిటీ'. 'అన్‌జస్ట్' కానీ 'ఇన్‌జస్టిస్'. నామవాచకాలు ఫ్రెంచి, లాటిన్ నుంచి 'ఇన్'తో సహా మూటగా దిగుమతి అయ్యాయి. విశేషణాలకి ఇంగ్లిష్ వాళ్లు ఇంట్లో ఉన్న 'అన్' తగిలించుకున్నారు. ఈ నాలుగు జతలూ బట్టీ పట్టించండి, తప్పదు.

'అన్' ఎక్కడ తగిలించకూడదో కూడా తెలియాలి. 'అన్‌హ్యాపీ' ఉంది, 'అన్‌శాడ్' లేదు. 'అన్‌కైండ్' ఉంది, 'అన్‌క్రూయెల్' లేదు. 'అన్‌హెల్తీ' ఉంది, 'అన్‌సిక్' లేదు. మామూలుగా మంచి మాటకే 'అన్' అంటుకుంటుంది. 'అన్‌సెల్ఫిష్', 'అన్‌హర్ట్' లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. 'గుడ్', 'బిగ్', 'టాల్' లాంటి రోజువారీ చిన్న మాటలకి ఎదురు మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి కాబట్టి వాటికి 'అన్'తో పని లేదు. మనం మాత్రం 'మంచి'కి 'అమంచి' అంటున్నామా?

'అన్', 'డిస్', 'మిస్' మూడూ ఒకేచోట చూడాలంటే ఒక గది ఊహించుకోండి. కట్టాక ఇంకా ఎవరూ అడుగుపెట్టలేదు, అది 'అన్‌యూజ్‌డ్'. ఒకప్పుడు వాడారు, ఇప్పుడు తాళం వేసి బూజు పట్టి ఉంది, 'డిస్‌యూజ్‌డ్'. చదువుకోవడానికని ఇస్తే లోపల పేకాట ఆడుతున్నారు, 'మిస్‌యూజ్‌డ్'. చివరిది అసలు వ్యతిరేక పదమే కాదు, 'తప్పుగా' అని చెప్పేది. 'అన్‌ఇంటరెస్టెడ్' అంటే ఆసక్తి లేనివాడు, 'డిస్‌ఇంటరెస్టెడ్' అంటే స్వలాభం చూసుకోనివాడు. న్యాయమూర్తి రెండోవాడై ఉండాలి, మొదటివాడైతే వాదనలప్పుడు కునుకు తీస్తాడు.

ప్రశ్న: 'డిస్‌గ్రంటిల్డ్' ఉంది కదా, మరి 'గ్రంటిల్డ్' ఉందా? 'రూత్‌లెస్'కి 'రూత్‌ఫుల్'?

జవాబు: గ్రంటిల్డ్‌ని నవ్వుకోవడానికి వెనక్కి తయారుచేసుకున్నారు, గంభీరంగా ఎవరూ వాడరు. అందులో 'డిస్' అసలు 'కాదు' అని కాదు, 'బాగా, పూర్తిగా' అని. గొణుక్కోవడం ఎక్కువైతే డిస్‌గ్రంటిల్డ్. 'రూత్' అంటే జాలి అని ఒకప్పుడు నిజంగానే ఉండేది, పోయింది, 'లెస్' పట్టుకుని ఒకటే మిగిలింది. 'అన్‌కెంప్ట్'లో 'కెంప్ట్' అంటే దువ్వినది. అది కూడా ఎక్కడో తప్ప వినపడదు. మన 'అనాథ' అందరికీ తెలుసు, 'నాథుడున్నవాడు' అనే అర్థంలో 'సనాథ' ఎంతమంది నోట విన్నారు?

ప్రశ్న: నేను వ్యాపారిని. 'బై'కి 'సెల్' ఆపోజిట్ అని చిన్నప్పుడు నేర్పారు. ఆలోచిస్తే నాకు సరిగ్గా లేదనిపిస్తోంది. నేను అమ్మితేనే కదా ఎదుటివాడు కొన్నట్టు. ఒకే పనికి రెండు పేర్లు ఎదురెలా అవుతాయి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వ్యతిరేకం అనే ఒక్క పేరు కింద మనం మూడు నాలుగు రకాల చుట్టరికాలు కలిపేస్తాం, మీరు అందులో ఒకటి పట్టుకున్నారు.

'హాట్ - కోల్డ్' ఒక రకం. మధ్యలో మెట్లుంటాయి, 'వార్మ్', 'కూల్', రెండూ కాని గోరువెచ్చన. హాట్ కాదంటే కోల్డ్ అయి తీరాలని లేదు. అందుకే 'నాట్ బ్యాడ్' అంటే 'గుడ్' అని కాదు. తెలుగులో దానికి చక్కటి మాట 'పర్లేదు'. 'డెడ్ - అలైవ్' ఇంకో రకం. మధ్యలో మెట్టు లేదు, ఒకటి కాకపోతే రెండోదే. మూడోది మీది. 'బై - సెల్', 'లెండ్ - బారో', 'టీచ్ - లెర్న్', 'హజ్బెండ్ - వైఫ్'. జరిగింది ఒకటే, ఏ గట్టు మీద నిలబడి చూస్తున్నామన్నదే తేడా. అమ్మేవాడు లేకుండా కొనేవాడు ఉండడు. చల్లన లేకపోయినా వేడి ఉండగలదు. మీకు తేడాగా అనిపించింది ఇదే.

మనవాళ్లు 'లెండ్', 'బారో' తికమకపడేది కూడా ఇక్కడే. తెలుగులో 'అప్పు' ఒక్కటే, ఇవ్వడమా తీసుకోవడమా అన్నది పక్కన చేరుస్తాం. ఇంగ్లిష్‌లో ఆ ఇవ్వడం, తీసుకోవడం మాటలోనే ఉంది. 'కెన్ యూ బారో మీ యువర్ పెన్' అన్నవాడు మనసులో 'అప్పు' అనుకుని నోటికొచ్చిన సగం అనేశాడు. మీ పెన్ను నేను 'బారో' చేసుకుంటాను, మీరు నాకు 'లెండ్' చేస్తారు.

ఈ సందర్భంలో ఒక పాత తప్పు ఒప్పుకోవాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పేపర్లో 'పేషెంట్'కి వ్యతిరేక పదం అడిగాను. నాకు కావాల్సింది 'ఇంపేషెంట్'. ఒక కుర్రాడు 'డాక్టర్' అని రాశాడు. ఎర్ర ఇంకుతో పెద్ద సున్నా చుట్టి, పేపర్లు పంచేటప్పుడు క్లాసంతా వినేలా చదివి నవ్వించాను కూడా. వాడు నవ్వలేదు. 'మీరు ఓపిక అని చెప్పలేదు కదండీ' అన్నాడు నెమ్మదిగా. ఇంటికెళ్లాక గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. అమ్మేవాడికి కొనేవాడు ఎదురైతే, వైద్యం చేసేవాడికి చేయించుకునేవాడు ఎందుకు కాడు? మర్నాడు మార్కు వేశాను. కానీ వేసింది స్టాఫ్‌రూములో, మెల్లగా. నవ్వించింది మాత్రం క్లాసులో.

(ఆస్పత్రి సంగతి వచ్చింది కాబట్టి, 'ఇన్‌పేషెంట్' వేరు, 'ఇంపేషెంట్' వేరు. మొదటివాడు ఆస్పత్రిలో చేరినవాడు, వాడికి ఎదురు 'అవుట్‌పేషెంట్'. రెండోవాడు టోకెన్ తీసుకుని గంట నుంచి కూర్చున్నవాడు.)

ప్రశ్న: మా రెండో తరగతి వాడు ఆపోజిట్స్ నేర్చుకున్నప్పటి నుంచి నన్ను బతకనివ్వడం లేదు. 'రెడ్'కి ఆపోజిట్? 'టైగర్'కి? 'ట్యూస్‌డే'కి? లేదంటే ఒప్పుకోడు.

జవాబు: వాడికి లేదని చెప్పకండి, ఎందుకు లేదో ఆడించండి. ఆపోజిట్ అంటే అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే తిరగబడాలి. 'బాయ్ - గర్ల్'లో ఇద్దరూ మనుషులే, ఇద్దరూ చిన్నవాళ్లే, ఒక్కటే మారింది. 'అప్ - డౌన్' రెండూ దిక్కులే. మరి పులిలో ఏది తిప్పుదాం? చారలు తీసేద్దామా? కోరలు తీసేద్దామా? అడవిలోంచి బయటికి తెద్దామా? వాడు ఒక్కోదానికీ ఒక్కో జంతువు చెప్తాడు. నాలుగు జంతువులు వచ్చాక, ఇన్ని ఉంటే ఒకటి ఎలా చెప్పను అని మీరే తిరిగి అడగండి.

'రెడ్' సంగతికి వస్తే, ఒంటరిగా దానికి ఎదురు లేదు. ఆట పెడితే పుడుతుంది. ట్రాఫిక్ లైట్ల దగ్గర 'గ్రీన్', వైన్ సీసాల దగ్గర 'వైట్'. అంటే మళ్లీ పక్క మాట దగ్గరికే వచ్చాం. మంగళవారానికి మాత్రం చేతులెత్తేయండి. వారంలో ఏడు రోజులాయె, సరిగ్గా ఎదురుగా కూర్చునే రోజు లెక్కకి కూడా దొరకదు.

ఉండాల్సిన చోట కూడా ఒక్కోసారి ఉండదు. 'హంగ్రీ'కి 'ఫుల్' ఉంది, 'థర్‌స్టీ'కి ఏముంది? జర్మన్ వాళ్లకీ ఇదే లోటు. 1999లో పోటీ పెట్టి మరీ, దాహం తీరినవాడికి 'జిట్' అనే మాట ఎంపిక చేశారు. ఎవరూ వాడలేదు. తయారుచేసిన మాట నోళ్లలోకి ఎక్కదు. మీవాడు ఏదైనా కొత్త మాట చెప్తే నాకు రాసి పంపండి, వాడైనా వాడతాడు.

ప్రశ్న: అనువాదాలు చేస్తుంటాను. 'జాయ్స్ అండ్ సారోస్' అని ఉంటే 'కష్టసుఖాలు' అని రాశాను. మూలంలో సంతోషం ముందుంది, మీరు తిరగేశారని సంపాదకులు గుర్తుపెట్టి పంపారు. మార్చాలా?

జవాబు: మార్చకండి. ఎదురు మాటలు జంటగా నడిచేటప్పుడు ఏది ముందు నడవాలో ప్రతి భాషకీ ఒక అలవాటు ఉంటుంది. 'సుఖకష్టాలు' అని రాస్తే చదివేవాడు అక్కడ ఆగి తల ఎత్తుతాడు. ఇంగ్లిష్‌లో 'లైఫ్ అండ్ డెత్', మనకి 'చావుబతుకులు'. వాళ్లకి 'కమింగ్స్ అండ్ గోయింగ్స్', మనకీ 'రాకపోకలు', అక్కడ కలిశాం. 'ప్రాఫిట్ అండ్ లాస్', 'లాభనష్టాలు', డబ్బు దగ్గర అందరూ లాభమే ముందు చూస్తారు. 'అప్స్ అండ్ డౌన్స్'కి 'హెచ్చుతగ్గులు' అంటాం, 'ఎగుడుదిగుళ్లు' అంటే దారి గతుకులు గుర్తొస్తాయి.

జత ఎవరికి ఎవరన్నదీ అంతే. ఇంగ్లిష్‌లో 'బిగ్', 'లార్జ్' దాదాపు ఒకటే అర్థం. కానీ 'బిగ్'కి 'లిటిల్', 'లార్జ్'కి 'స్మాల్' అనే జతకడతారు. 'లార్జ్ - లిటిల్' అంటే అర్థం సరిపోయినా చెవికి ఆనదు. 1980ల్లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ మాటల చుట్టరికాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలుపెట్టినవాళ్లు ఈ జతలే చూసి, వ్యతిరేకం అనే బంధం అర్థానికీ అర్థానికీ మధ్య కాదు, మాటకీ మాటకీ మధ్య పెట్టాల్సి వచ్చింది. పెళ్లి సంబంధం లాంటిదే. కుటుంబాలు ఒకే అంతస్తువే, తాళి మాత్రం ఒక్కరికే.

ఇంకో చిన్నది గమనించారా? జంటలో ఒకటి రెండోదాని తరఫున కూడా మాట్లాడుతుంది. పది రోజుల పసిపిల్లని చూసి కూడా 'హౌ ఓల్డ్' అనే అడుగుతారు, 'హౌ యంగ్' అనరు. మనమూ గుంట ఎంత తక్కువున్నా 'ఎంత లోతు' అనే అంటాం.

ప్రశ్న: ఒకే మాట తనకి తానే వ్యతిరేకం అవుతుందని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే. 'డస్ట్' అంటే దుమ్ము దులపడం, కేకు మీద చక్కెర పొడి చల్లడం కూడా డస్టే. ఒకచోట తీస్తున్నాం, ఒకచోట వేస్తున్నాం. 'శాంక్షన్' అంటే అనుమతి, దేశాల మధ్య అయితే ఆంక్ష. 'క్లీవ్' అంటే చీల్చడం, అంటిపెట్టుకోవడం కూడా. ఇది మాత్రం ఒక మాట కాదు, పాత ఇంగ్లిష్‌లో రెండు వేర్వేరు క్రియలు అరిగి అరిగి ఒకేలా తయారయ్యాయి.

మనకీ ఉంది. ఇంట్లో సరుకులు 'నిండుకున్నాయి' అంటే డబ్బాలు ఖాళీ అని. అయిపోయాయి అనడం ఇష్టం లేక ఎదురు మాట అరువు తెచ్చుకున్నాం. గాజు పగిలిందనకుండా 'పెరిగింది' అన్నదీ అలాంటిదే. అనువాదకులు దయచేసి ఇక్కడ డిక్షనరీ చూడకండి.

ప్రశ్న: వ్యతిరేక పదాలకి ఏ పుస్తకం కొనమంటారు? ఫోన్లో వెతికితే ఒక్కో మాటకి ముప్పై వస్తున్నాయి.

జవాబు: ఆ ముప్పైలో పాతిక మీ వాక్యంలో కూర్చోవు. అన్ని అర్థాలకీ వచ్చినవన్నీ ఒక కుప్ప పోస్తారు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం వేసే డిక్షనరీ ఒకటి కొనండి. అందులో అర్థాలకి నంబర్లుంటాయి, ఏ అర్థానికి ఎదురు మాట ఆ అర్థం పక్కనే ఉంటుంది, దానికి ఉదాహరణ వాక్యమూ ఉంటుంది. కాస్త చేయి తిరిగాక రోజే అనే డాక్టరు గారు 1852లో వేసిన థెసారస్ చూడండి. ఆయన మాటల్ని అక్షర క్రమంలో పెట్టలేదు, భావాల వారీగా పెట్టి, ఎదురు భావాలని పక్కపక్క వరుసల్లో నిలబెట్టారు. పుస్తకం బయటికొచ్చేనాటికి ఆయనకి 73 ఏళ్లు. నాకు ఇంకా టైముందని అప్పుడప్పుడూ ఆ అంకె చూసుకుంటుంటాను.

వచ్చే నెలకి: 'షార్ప్'కి వ్యతిరేక పదం రాసి పంపండి. ఈసారి పక్క మాట లేకుండా వచ్చిన ఉత్తరాలు లెక్కలోకి తీసుకోను. కత్తి, నొప్పి, మలుపు - ఈ మూడూ నేనే ఇచ్చేస్తున్నాను. నాలుగోది తెచ్చేవాళ్లు ఎవరో చూద్దాం. ఫెయిర్ కాపీ అమ్మాయీ, నీ ఉత్తరం కోసం చూస్తుంటాను.